జిలానీ మాస్టారు జరిపిన కుర్చీ

ఇందులో ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో నేను అటూ ఇటూ చెయ్యవచ్చు. ఈమధ్య నాకు జరిగినవి గుర్తుంటున్నాయి గానీ, అవి జరిగిన వరస గుర్తుండటం లేదు. చదివేవాళ్ళు వరసను మన్నించి మనుషుల్ని చూడండి. ముఖ్యంగా జిలానీ మాస్టారిని చూడండి.

హనోకు కష్టం మాత్రం నాకు బాగా గుర్తుంది. ఖాళీ తెర ముందు కూర్చుంటే ఆ అబ్బాయికి చెయ్యి ఆడేది కాదు.

ముందు ఆ చోటు చెప్పాలి. రేపల్లెలో రైలు కూత వినపడే దూరంలో ఒక చిన్న గ్రంథాలయం ఉంది. పెద్ద గదిలో పేపర్లు, పుస్తకాలు. పక్క గదిలో ఊరివాళ్ళెవరో ఇచ్చిన కంప్యూటర్లు. ఆ గదిలో జిలానీ మాస్టారు సాయంత్రాలు పిల్లలకు వెబ్ పేజీలు తయారుచెయ్యడం నేర్పేవారు. ఆ భాషను జావాస్క్రిప్ట్ అంటారు. ఆ పేరు నోటికి పట్టడానికే నాకు చాన్నాళ్ళు పట్టింది.

నేను బడికి వెళ్ళిన మనిషిని కాను. మా అన్నయ్య వాచకాల్లోంచి అక్షరాలు ఏరుకుని, ఆ తర్వాత ఈ గ్రంథాలయంలో కనపడినదల్లా చదువుకున్నాను. జ్ఞాపకం జారుతోందని తెలిశాక డాక్టరు రోజూ ఏదో ఒకటి చదవమన్నాడు. అందుకని సాయంత్రం కాగానే వెళ్ళి రెండు గదులకీ మధ్య గుమ్మం పక్కన, ఫ్యాను కింద కూర్చునేదాన్ని. వారపత్రికలో సీరియల్ ఒకే భాగం రెండుసార్లు చదివి, రెండుసార్లూ అందులోని పిల్ల గతి ఏమవుతుందోనని కంగారుపడేదాన్ని. ఆ గుమ్మానికి తలుపు లేదు. కాబట్టి మాస్టారి పాఠాలన్నీ నా చెవిన పడేవి.

మాస్టారు పాలిటెక్నిక్‌లో చెప్పి రిటైరైన మనిషి. సన్నగా, తెల్ల లాల్చీలో ఉండేవారు. ఎక్కువ మాట్లాడేవారు కాదు. ఆయనకి ఒక నియమం ఉండేది. నేర్చుకునేవాళ్ళ కీబోర్డు మీద చెయ్యి వేసేవారు కాదు. ఎంత చిక్కుపడినా, ఎంత బతిమాలినా, చేతులు రెండూ వెనక కట్టుకుని పక్కన నిలబడేవారు. చేతులు మరీ దురదపెడితే లాల్చీ జేబుల్లో దోపుకునేవారు. నేను చూసి నవ్వుకునేదాన్ని.

ఆయన దగ్గర భార్గవి అనే అమ్మాయి నేర్చుకునేది. టైలరింగ్ షాపులో పని ముగించుకుని, జడలో ఇంకా దారపు పోగులతోనే వచ్చేది. మొదటిరోజు మాస్టారు ఆమెకి చక్కగా నడుస్తున్న ఒక పేజీ ఇచ్చి, "దీన్ని పాడుచెయ్యి" అన్నారు.

"పాడుచెయ్యడమేంటి సార్? నేర్చుకుందామని వస్తే!"

"ఎక్కడైనా ఒక గుర్తు తీసెయ్యి. ఏమవుతుందో చూడు. మళ్ళీ పెట్టెయ్యి."

ఆ పిల్ల భయపడుతూ ఒకటి తీసింది. తెర మీద ఎర్రగా ఏదో వచ్చింది. కాలిన పెనం తగిలినట్టు చేతులు వెనక్కి లాక్కుంది.

"తిడుతోంది సార్!"

"పైకి చదువు."

తడుముకుంటూ చదివింది. చివర ఒక అంకె ఉంది. తప్పు ఏ వరసలో ఉందో చెప్పే అంకె.

"తిట్టు కాదమ్మా, చిరునామా" అన్నారు మాస్టారు. "వెళ్ళి చూసిరా."

ఆ తర్వాత ఆ పిల్ల పేజీలు విరగ్గొట్టడంలో ఆరితేరిపోయింది. "ఇవాళ ఎన్నింటి కాళ్ళు విరిచావమ్మా?" అని సుబ్బరాయుడు పంతులుగారు అడిగితే, "మీ కాళ్ళు కూడా ఇవ్వండి పంతులుగారూ, విరిచి ఎక్కడ విరిగిందో చిరునామా రాసిపెడతాను" అనేది.

పంతులుగారంటే హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసిన ఆయన. రోజూ నాకు ఎదురుగా కూర్చుని పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివేవారు. చదివింది ఆయనకి రాతి మీద చెక్కినట్టు ఉండిపోయేది. నేను రోజూ ఆయన్ని చూసి మనసులో కుళ్ళుకునేదాన్ని. మంచి మనిషే, అది వేరే సంగతి.

హనోకు ఆ రోజుల్లో వచ్చాడు. డిగ్రీ అయిపోయింది. వాళ్ళ నాన్న నిజాంపట్నం రేవుకి ఐసు లారీ తోలేవాడు. కుర్రాడు నల్లగా, చక్కగా, దువ్విన తలతో ఉండేవాడు. భుజాన ఉన్న సంచిలోంచి లాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టి, నిలబడే చెప్పాడు.

"సార్, నాకు బేసిక్స్ అన్నీ అయిపోయాయి. అడ్వాన్స్‌డ్ ఏమైనా ఉంటే మీరు చెప్తారని వచ్చాను."

"ఏవి, చేసినవి చూపించు" అన్నారు మాస్టారు.

చూపించాడు. ఒకటా రెండా! హోటలు పేజీ, క్రికెట్ స్కోరు చూపించే పేజీ, వాన వస్తుందో రాదో చెప్పే పేజీ. రంగులు, కదిలే బొమ్మలు. భార్గవి నోరు తెరిచి చూసింది. పంతులుగారు కళ్ళజోడు సవరించుకుంటూ లేచి వెళ్ళారు. నేను కూడా గుమ్మంలోంచి మెడ చాపి చూశాను. మాస్టారు ఒక్కొక్కటే నిదానంగా చూసి, "బాగున్నాయి" అన్నారు. ఊరికే అనే మనిషి కాదు ఆయన. నిజంగా బాగుంటేనే అంటారు.

తర్వాత అన్నారు: "ఇప్పుడు ఒక ఖాళీ ఫైలు తెరువు బాబూ. ఒక పెట్టె, ఒక మీట. పెట్టెలో పేరు రాసి మీట నొక్కితే, కింద 'నమస్కారం, ఫలానా గారూ' అని ఒక వరస రావాలి. అంతే."

"అంతేనా సార్?" అని నవ్వాడు హనోకు.

ఖాళీ తెర వచ్చింది. హనోకు ఒక మాట టైపు చేశాడు. ఆగాడు. చెరిపాడు. మళ్ళీ అదే మాట టైపు చేశాడు. చెయ్యి దానంతట అదే ఫోను దగ్గరికి వెళ్ళి, సిగ్గుపడి వెనక్కి వచ్చింది. మాస్టారు చేతులు వెనక కట్టుకుని కిటికీ వైపు చూస్తున్నారు.

చాలాసేపటికి హనోకు అన్నాడు, "వీడియో పెట్టుకుంటే ఐదు నిమిషాల్లో చేసేస్తాను సార్."

"చేస్తావు. చూశాను కదా."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. బహుశా అందుకే ఆ కుర్రాడు అసలు సంగతి చెప్పేశాడు. విజయవాడలో ఒక కంపెనీ ఉందట. అక్కడ పరీక్షకి కూర్చోబెట్టి ఖాళీ తెర ఇస్తారట. ఫోను ఉండదు, ఇంటర్నెట్ ఉండదు. రెండుసార్లు వెళ్ళాడు. రెండుసార్లూ ఇలాగే అయింది.

"వీడియోలో ఆయన టైపు చేస్తుంటే అన్నీ అర్థమవుతాయి సార్. ఆయన ఆగితే నేనూ ఆగిపోతాను. వచ్చే నెలలో ఇంకొక్కసారి రమ్మన్నారు. ఇదే ఆఖరు. కాకపోతే రొయ్యల మేత గోడౌన్లో నాన్న మాట్లాడి ఉంచాడు, చేరిపోవాలి. గోడౌన్ పని చెడ్డదని కాదు. ఇది వదిలెయ్యాలి కదా, అదీ."

'ఇది' అన్నప్పుడు లాప్‌టాప్ మూత మీద చెయ్యి పెట్టాడు, చంటిపిల్ల వీపు మీద పెట్టినట్టు.

మాస్టారు ఆ గదిలోంచి ఒక చెక్క కుర్చీ ఎత్తి, గుమ్మం దాటించి తెచ్చి, నా కుర్చీ పక్కన వేశారు. కొంచెం అటూ ఇటూ జరిపి సరిచేశారు.

"రా బాబూ. అక్కగారికి చెప్పు."

"ఏం చెప్పాలి సార్?"

"నువ్వు రాయాలనుకున్నది."

"మామ్మగారికా?"

భార్గవి కిసుక్కుమంది. నాకైతే చేతిలో పత్రిక జారింది. "మాస్టారూ, నాకేం తెలుసండీ, నేను..." అంటుండగానే ఆయన టీ తాగడానికి వెళ్ళిపోయారు.

హనోకు వచ్చి కూర్చున్నాడు. గురువు చెప్పాడు కాబట్టి కూర్చున్నాడు, అంతకంటే ఏమీ లేదు ఆ మొహంలో.

"ముందు ఫంక్షన్ డిక్లేర్ చేస్తాం మామ్మగారూ. తర్వాత బటన్‌కి ఈవెంట్ లిజనర్ యాడ్ చేస్తాం."

"ఆ రెండోది ఏం చేస్తుంది నాయనా?"

"వింటుంది."

"ఏం వింటుంది?"

"బటన్ నొక్కారా లేదా అని."

"ఎప్పుడూ అదే పనిగా వింటూ కూర్చుంటుందా? వేరే పనులు ఆగిపోవూ?"

"అంటే... అదొక్కటే... వేరే పనులు వేరే జరుగుతుంటాయి..."

"నేను వంట చేసుకుంటూ పాలవాడి గంట కోసం ఒక చెవి అటు పడేసినట్టా? గంట మోగగానే గిన్నె పట్టుకుని వెళ్తాను. మోగేదాకా నా పని నాది."

కుర్రాడు నా వైపు తిరిగాడు. "అంతే మామ్మగారూ. ఆ గిన్నె పట్టుకుని వెళ్ళడమే ఫంక్షన్" అన్నాడు నెమ్మదిగా. అది నాకు చెప్పినట్టు లేదు.

ఆ సాయంత్రమంతా చెప్పాడు. ఒక్కొక్క మాట దగ్గరా ఆగడం, తల గోక్కోవడం, లేచి వెళ్ళి ఏదో చూసి రావడం. నాకు కొంత అర్థమైంది, కొంత అవలేదు. అవలేదని చెప్పడానికి నాకు ఎప్పుడూ సిగ్గు లేదు. చదువు లేనివాళ్ళకి ఆ సుఖం ఒకటి ఉంది.

మర్నాడు వచ్చి కూర్చున్నాడు. "నిన్న ఎక్కడిదాకా వచ్చాం?" అన్నాడు.

నేను కుర్రాడి మొహం చూశాను. తెలిసిన మొహమే. ఐసు లారీ గుర్తుంది. మిగతాదంతా తుడిచిపెట్టినట్టు పోయింది.

"ఏమీ గుర్తులేదు నాయనా. పెట్టె ఏదో ఉంది కదూ?"

"పాలవాడి గంట అని మీరే చెప్పారు!"

"నేనా? బాగానే చెప్పానే!"

పంతులుగారు పేపరు వెనక నుంచి నవ్వారు. హనోకు మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఆ మర్నాడూ అంతే. ఒకరోజు భార్గవి వాడి లాప్‌టాప్‌లో ఆ పేజీ తయారయ్యాక నా ముందు పెట్టింది, "మామ్మగారూ, మీరు నొక్కండి" అని. నేను నొక్కాను. కింద 'నమస్కారం, గారూ' అని వచ్చింది.

"ఏ గారు?" అన్నాను.

"మీరు పేరు రాయలేదు మామ్మగారూ!" అన్నాడు హనోకు.

"మర్చిపోయాను. మర్చిపోతే మాత్రం గోడకి నమస్కారం పెడుతుందా ఇది? పేరు చెప్పమ్మా అని అడగదూ?"

భార్గవి నవ్వి నవ్వి బల్ల మీద తల పెట్టేసింది. హనోకు నవ్వలేదు. లాప్‌టాప్ తన వైపు తిప్పుకుని ఏదో రాశాడు. రాస్తూ పెదవులు కదుపుతున్నాడు. ఈసారి పేరు రాయకుండా నొక్కితే 'ముందు పేరు రాయండి' అని వచ్చింది. నేను సుగుణమ్మ అని రాసి నొక్కాను. నమస్కారం వచ్చింది. కాసేపయ్యాక చూస్తే కింద రెండు నమస్కారాలున్నాయి.

"రెండుసార్లు నొక్కారు మామ్మగారూ."

"పేరు ఇంకా పెట్టెలోనే కనపడుతోంది కదా. నొక్కలేదేమో అనుకున్నాను."

"సరే, ఒకసారి వచ్చిన పేరు మళ్ళీ రాకుండా చేస్తాను."

"అయ్యో, మా వీధిలోనే ముగ్గురు సుగుణమ్మలున్నాం. మిగతా ఇద్దరికీ నమస్కారం లేదా?"

హనోకు కుర్చీలో వెనక్కి వాలి ఫ్యాను కేసి చూశాడు. తర్వాత ఉన్నట్టుండి ముందుకి వంగి రెండు వేళ్ళతో ఏదో చిన్న ముక్క రాశాడు. ఇప్పుడు మీట నొక్కగానే పెట్టె ఖాళీ అయిపోతోంది. నేను మళ్ళీ నొక్కితే 'ముందు పేరు రాయండి' అంటోంది.

"ఇదెవరు చెప్పారు నీకు?" అని గుమ్మంలో నిలబడి అడిగారు మాస్టారు. ఎప్పుడు వచ్చారో ఎవరం చూడలేదు.

"ఎవరూ చెప్పలేదు సార్" అన్నాడు హనోకు, ఆ మాటకి తనే ఆశ్చర్యపోతూ.

ఇదంతా విని హనోకు మారిపోయాడని అనుకోకండి. ఆ వయసుకి తొందర ఎక్కువ. పరీక్ష దగ్గర పడుతోంది. ఒక సాయంత్రం నేను యథాప్రకారం "ఆ వినేది ఏమిటి నాయనా?" అని అడిగితే, "నిన్నే చెప్పాను కదా మామ్మా! రోజూ చెప్తున్నాను కదా!" అని గట్టిగా అన్నాడు. గదిలో అందరూ తలెత్తారు.

నేను సంచి తీసుకుని ఇంటికి వచ్చేశాను.

మర్నాడు వెళ్ళలేదు. ఈ భాగం నాకు పంతులుగారు తర్వాత చెప్పింది. నేను రాని రోజు హనోకు ఖాళీ కుర్చీ చూసి మాస్టారి దగ్గరికి వెళ్ళాడట.

"సార్, మామ్మగారికి రోజూ మొదటి నుంచి చెప్పాల్సి వస్తోంది. టైమ్ అంతా దానికే పోతోంది."

"మొన్న చెప్పడానికి ఎంతసేపు పట్టింది?"

"పావుగంట ఉంటుందేమో సార్."

"మొదటిరోజు?"

"సాయంత్రమంతా..." అని ఆగాడట.

మాస్టారు భార్గవి దగ్గరికి వెళ్ళారట.

పంతులుగారికి ఆ కుర్రాణ్ణి చూస్తే జాలేసింది. "ఏమోయ్, ఇలా రా. నాకు చెప్పు. నాకు గుర్తుంటుంది" అని పిలిచారు. ఇద్దరూ కూర్చున్నారు. హనోకు పెట్టె అనగానే, "తెలుసు తెలుసు, అది అయిపోయింది, తర్వాత?" అనేవారు పంతులుగారు. మీట అనగానే, "పాలవాడి గంట. సుగుణమ్మగారు చెప్పిందే. తర్వాత?" అనేవారు. హనోకు మాట మొదలుపెడితే పంతులుగారు పూర్తిచేసేవారు. చకచకా అయిపోయింది. ఇద్దరికీ చాలా సంతోషం వేసింది.

అప్పుడు మాస్టారు, "ఇంకొక ఖాళీ ఫైలు తెరువు" అన్నారు.

తెరిచాడు. చెయ్యి ఆడలేదు.

పంతులుగారు ఇది చెప్పేటప్పుడు కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకున్నారు. "నా వల్లేనమ్మా" అన్నారు. ఆయన వల్ల ఏమిటో నాకు అప్పుడు తెలియలేదు.

ఆ తర్వాతి రోజు నేను గ్రంథాలయానికి వెళ్ళాను. ఎందుకు అలిగానో మర్చిపోయి వెళ్ళాను. ఇది కూడా పంతులుగారు చెప్పి నవ్విందే. నేను గుమ్మం దాటగానే హనోకు లేచి నిలబడ్డాడట. నా కుర్చీ తనే దులిపి వేశాడట. నాకు గుర్తున్నది ఇంతే: వాడు పక్కన కూర్చుని, లాప్‌టాప్ మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మామ్మగారూ, మొదటి నుంచి చెప్పనా?"

"ఏం చెప్తావు నాయనా?"

"ఒక పెట్టె ఉంటుంది. అందులో ఎవరైనా వచ్చి పేరు రాస్తారు. రాయకపోవచ్చు కూడా..."

తెర తెరవకుండానే చెప్పాడు. నేను మధ్యలో అడిగినవి అడిగాను. ఒక్కసారి కూడా 'నిన్న' అనే మాట వాడి నోట రాలేదు. చెప్పడం పూర్తయ్యాక మూత తెరిచి, ఫోను నా ఒళ్ళో పెట్టి, మొదలుపెట్టి ఆపకుండా రాశాడు. భార్గవి చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

వాడు పరీక్షకి బయల్దేరిన పొద్దున నాకు గుర్తులేదు. ఆ రోజు కొబ్బరికాయ కొట్టి దణ్ణం పెట్టుకున్నానని మా చెల్లెలి మనవరాలు వసుధ చెప్తుంది. కావచ్చు.

వాడు తిరిగి వచ్చిన సాయంత్రం మాత్రం బాగా గుర్తుంది. ఎందుకు గుర్తుందో చెప్తాను. సాయంత్రం రైలు వచ్చింది. కాసేపటికి హనోకు సంచితో గుమ్మంలోకి వచ్చాడు. మాస్టారు లోపల గదిలో ఉన్నారు. భార్గవి లేచింది. పంతులుగారు పేపరు దించారు. అందరూ ఒక్కసారిగా వాడి మొహంలోకి చూశారు. వాడు నేరుగా వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"పరీక్ష ఎప్పుడు నాయనా?" అన్నాను.

పంతులుగారు, "అయ్యో, సుగుణమ్మగారూ..." అనబోయారు. హనోకు చెయ్యెత్తి ఆయన్ని ఆపాడు.

"ఇవాళేనండీ మామ్మగారూ. మొదటి నుంచి చెప్పనా?"

"చెప్పు."

"విజయవాడలో ఒక గదిలో కూర్చోబెట్టారు. ఫోన్లు తీసుకున్నారు. తెర తెరిస్తే ఖాళీ. ఒక సరుకుల పట్టీ చెయ్యమన్నారు. పెట్టెలో ఉప్పో పప్పో రాసి మీట నొక్కితే కింద చేరాలి."

"మన నమస్కారాల లాంటిదే."

"అలాంటిదే. కానీ చెయ్యి ఆడలేదు మామ్మగారూ. పోయినసారి లాగే. పక్కకి చూస్తే ఒక కుర్చీ ఖాళీగా ఉంది."

"ఊఁ."

"దాన్ని కొంచెం నా వైపు లాక్కున్నాను."

లోపలి గదిలో మాస్టారు నడక ఆగింది.

"లాక్కుని, చిన్నగా చెప్పడం మొదలుపెట్టాను. 'ఒక పెట్టె ఉంటుందండీ, అందులో సరుకు పేరు రాస్తారు...' అని. ఆ కుర్చీ ఏమో, 'రాయడం మర్చిపోతే?' అంటుంది. 'నొక్కానో లేదో నాకెలా తెలుస్తుంది?' అంటుంది. ఒక్కొక్కటీ చెప్పుకుంటూ రాశాను. పరీక్ష పెట్టిన మేడమ్ వచ్చి, 'ఎవరితో మాట్లాడుతున్నారు?' అని అడిగారు."

"ఏం చెప్పావు?"

"మా మామ్మగారితో అన్నాను."

భార్గవి చున్నీ నోట్లో కుక్కుకుంది. నాకు కూడా నవ్వొచ్చింది.

"ఆవిడ ఏమీ రాయకుండా మీట నొక్కి చూశారు. 'ముందు సరుకు పేరు రాయండి' అని వచ్చింది. పప్పు అని రాసి టకటకా రెండుసార్లు నొక్కారు. ఒక్కసారే చేరింది. ఆవిడ నా వంక చూసి, 'ఇవి మేం అడగలేదే!' అన్నారు."

"మరి?"

"ఒకటో తారీఖు నుంచి రమ్మన్నారు మామ్మగారూ."

గది గదంతా అరిచింది. పంతులుగారు వాడి వీపు మీద ఒక్కటి చరిచారు, హెడ్మాస్టరు చెయ్యి కదా, వాడు ముందుకి తూలాడు. భార్గవి మిఠాయి ఎక్కడని సంచి వెతకడం మొదలుపెట్టింది. ఆ గోలలో నాకు మధ్యలో ఏదో తెగిపోయింది.

"ఇంతకీ పరీక్షలో ఏమైంది నాయనా?" అన్నాను.

గోల ఆగిపోయింది. భార్గవి మొహం ఒకలా అయింది. పంతులుగారు నేల చూపులు చూశారు.

హనోకు కుర్చీ ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నాడు.

"విజయవాడలో ఒక గదిలో కూర్చోబెట్టారు మామ్మగారూ" అన్నాడు. "ఫోన్లు తీసుకున్నారు..."

మొదటిసారి ఎంత ఇష్టంగా చెప్పాడో అంత ఇష్టంగానూ చెప్పాడు. ఈసారి ఇంకా బాగా చెప్పాడని భార్గవి అంటుంది. అందుకే నాకు ఆ రోజు గుర్తుంది. రెండుసార్లు విన్నాను కదా.

మాస్టారు గుమ్మంలో చేతులు వెనక కట్టుకుని నిలబడి ఉన్నారు. హనోకు లేచి వెళ్ళి ఆయన కాళ్ళకి వంగబోతే, భుజాలు పట్టి ఆపారు. నాకు తెలిసి నేర్చుకునేవాళ్ళ వైపు ఆయన చేతులు రావడం అదే మొదటిసారి.

"అమ్మకి ఫోన్ చేశావా?"

"లేదు సార్. ముందు ఇక్కడికే..."

"చెయ్యి. మొదటి నుంచి చెప్పు."

హనోకు వెళ్ళిపోయి చాన్నాళ్ళయింది. ఎప్పుడైనా రైలు దిగితే గ్రంథాలయానికి వస్తాడు. నా పక్కన కూర్చుని తన పని ఏమిటో చెప్తాడు. ఇప్పుడు చెప్పేవి పెద్ద పెద్ద సంగతులు. అయినా నాకు అర్థమవుతాయి.

ఒకరోజు మాస్టారు టీ గ్లాసుతో నా దగ్గరగా వచ్చి కూర్చున్నారు. ఎప్పటినుంచో మనసులో ఉన్న మాట అడిగేశాను.

"మాస్టారూ, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఎదురుగా పంతులుగారున్నారు. ఏది చెప్పినా ఇట్టే పట్టేస్తారు, పట్టింది వదలరు. నేనేమో పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయే మనిషిని. అంత ముఖ్యమైన పనికి నా దగ్గరికెందుకు పంపారు ఆ కుర్రాణ్ణి?"

పంతులుగారు పేపరు చదువుతున్నట్టు నటించారు. పేజీ తిప్పలేదు.

మాస్టారు టీ పూర్తిచేసి గ్లాసు కింద పెట్టారు.

"ఈ ప్రశ్న మీరు ఇదివరకు కూడా అడిగారు అక్కగారూ."

"అడిగానా! మీరేం చెప్పారు?"

మాస్టారు లేచారు. లోపలి గది గుమ్మంలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి నిలబడి ఉంది. చేతిలో ఫోను, ఫోనులో ఆపి ఉంచిన వీడియో. అడగాలో వద్దో అన్నట్టు చూస్తోంది.

ఆయన తను కూర్చున్న కుర్చీని కొంచెం ఎత్తి, నా కుర్చీ పక్కకి జరిపారు.

వసుధా, ఇందులో పేర్లు ఒకసారి సరిచూడమ్మా. అబ్బాయి పేరు హనోకే కదా? పంతులుగారు సుబ్బరాయుడో, సుబ్బారావో. జిలానీ మాస్టారి పేరు తప్పు రాయను గానీ, అదీ చూడు. నిన్న కూడా నిన్ను ఇదే అడిగి ఉంటే, విసుక్కోకుండా ఇంకొక్కసారి చూసిపెట్టు.